మేనత్త మీద నేను రాసిన రికార్డు

తొంభైల మధ్యలో నేను దుత్తలూరు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తూ దూరవిద్యలో బి.ఇడి. చదివాను. ఉదయగిరి నుంచి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, వేసవి సెలవుల్లో నెల్లూరులో తరగతులు. ఆ చదువులో సైకాలజీకి ఒక రికార్డు రాయాలి. ఒక మనిషిని ఎంచుకుని, నెలల తరబడి గమనించి, ఆ మనిషి ప్రవర్తన మామూలుగా ఉందా లేదా, మానసిక ఆరోగ్యం ఎట్లా ఉంది అని ముప్పై నలభై పేజీలు నింపాలి. దాని పేరు వ్యక్తి అధ్యయనం. మా బ్యాచిలో చాలామంది పోయిన ఏడాది వాళ్ళ రికార్డు తెచ్చుకుని, వయసు ఒక ఏడు పెంచి, కొత్త అట్ట వేసి ఇచ్చేశారు. పెన్సిళ్ళు దొంగతనం చేసే అదే పిల్ల ఏళ్ళ తరబడి ఒక రికార్డులోంచి ఇంకో రికార్డులోకి పోతూనే ఉండేది. నాకు కాస్త పొగరు ఎక్కువ. నిజమైన మనిషి మీద నిజంగా రాస్తానని పట్టుబట్టి రాశాను. కాపీ కొట్టినవాళ్ళే నయం, వాళ్ళ వల్ల ఎవరికీ హాని జరగలేదు.

నేను ఎంచుకున్న మనిషి మా మేనత్త.

అత్త మా నాయన కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు, తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. నా చిన్నప్పుడే మా అమ్మ చనిపోతే నన్నూ మా అన్ననూ పెంచింది ఆమే. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఆమె ఉద్యోగం బైబిల్ స్త్రీ. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళు లేరు. మిషను తరఫున రోజూ ఒక పల్లెకు పోయి, ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చదివి, పాట పాడి, ప్రార్థన చేసి రావడం ఆ పని. తెల్ల చీర, గుడ్డసంచి, నల్ల గొడుగు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఏ ఊరు పోయింది, ఎన్ని ఇళ్ళు చూసింది, ఎవరికి ఏం కష్టం అని నోటుబుక్కులో రాసి నెలాఖరుకు చర్చి సంఘం ఆఫీసులో ఇవ్వాలి. ముప్పై ఏళ్ళు ఇచ్చింది.

రిటైరైన రోజు చర్చిలో శాలువా కప్పారు, పూలదండ వేశారు, కాఫీ టీలు ఇచ్చారు. తర్వాతి సోమవారం పొద్దున ఆరుగంటలకు అత్త వంట ముగించి, తెల్ల చీర కట్టుకుని, సంచీ గొడుగూ తీసుకుని వరికుంటపాడు బస్సెక్కింది. ఆ మరుసటి రోజు సీతారామపురం వైపు పోయింది. నోటుబుక్కు రాస్తూనే ఉంది. నెలాఖరుకు తీసుకుపోయి ఆఫీసులో ఇచ్చింది. అక్కడి గుమాస్తా మొదటి నెల మొహమాటానికి పుచ్చుకున్నాడు, రెండో నెల నవ్వాడు, మూడో నెల నాయనకు కబురు చేశాడు. జీతం వచ్చినన్నాళ్ళూ దాన్ని ఉద్యోగం అన్నారు, జీతం ఆగాక పిచ్చి అన్నారు. ఇదేదో నేను అప్పుడే కనిపెట్టాననుకోకండి. అప్పుడు నేనూ పిచ్చి అన్నవాళ్ళ పక్కనే ఉన్నాను, కాకపోతే ఆ మాటను పుస్తకాల భాషలో అన్నాను.

మాకు సైకాలజీ చెప్పిన సార్ పెద్దాయన, గొంతు చిన్నది, ముందు బెంచీలో కూర్చుంటేనే వినిపించేది. మామూలు కాని ప్రవర్తన అని దేన్నంటారో చెప్పడానికి ఆయన బోర్డు మీద నాలుగు కొలతలు రాశాడు. ఎక్కువమంది చేయనిది. సమాజం ఒప్పనిది. ఆ మనిషికి బాధ కలిగించేది. ఆ మనిషి రోజువారీ పనులకు అడ్డం వచ్చేది. రాసి, వెంటనే ఒక్కొక్కదాన్నీ తనే దెబ్బ కొట్టాడు. ఊరంతా కాఫీ తాగుతుంటే ఒకడు తాగకపోతే వాడికి జబ్బు అనగలమా అన్నాడు. ఒకప్పుడు ఆడపిల్ల సైకిలు తొక్కితే ఊరు ఊరంతా చెవులు కొరుక్కునేది, ఇప్పుడు ఆ పిల్లకు ఏ మందు ఇద్దాం అన్నాడు. ఏ ఒక్క కొలతా చాలదు, నాలుగూ పెట్టి చూడాలి, తొందరపడకూడదు అన్నాడు. జబ్బు లేకపోవడం ఒక్కటే మానసిక ఆరోగ్యం కాదు, పని చేసుకోగలగాలి, నలుగురితో కలవగలగాలి, కష్టమొస్తే తట్టుకోగలగాలి అని కూడా చెప్పాడు. ఇదంతా నోట్సు రాసుకుని, ఎర్ర సిరాతో గీతలు గీసి, కంఠతా పట్టాను. పరీక్షలో అక్షరం తప్పు లేకుండా దించాను కూడా.

ఇంట్లో మాత్రం నేను రికార్డులో నాలుగు గళ్ళు గీసి ఆ కొలతలు పెట్టిన తీరు వేరు. ఎక్కువమంది చేయనిదా? అవును, రిటైరైన బైబిల్ స్త్రీ ఇంకెవరూ ఇట్లా తిరగడం లేదు. సమాజం ఒప్పనిదా? అవును, సంఘంలో నవ్వుతున్నారు. రోజువారీ పనులకు అడ్డమా? ఇక్కడ కాస్త ఇబ్బంది వచ్చింది. నాలుగింటికే లేచి ముగ్గురికీ వంట చేసి, నీళ్ళు పట్టి, నా చీరకు గంజి పెట్టి మరీ పోయేది. వెతికి వెతికి, ఒకసారి పొయ్యి మీద పాలు మరిచిపోయిన సంగతి పట్టుకుని అది రాశాను. తనకు బాధా? అత్తకు బాధేమీ లేదు. పల్లె నుంచి వచ్చిన రోజు ఆమె ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అందుకని ఆ గళ్ళో 'కుటుంబ సభ్యులకు తీవ్రమైన బాధ' అని రాశాను. నాలుగు గళ్ళూ నిండాయి. నా చేతిరాత బాగుంటుంది, గీతలు తిన్నగా గీస్తాను, చూడటానికి చాలా నమ్మకంగా ఉండేది ఆ పేజీ.

ఆమె నోటుబుక్కులు కూడా తీసి చదివాను, సాక్ష్యం కోసం. 'ఇండ్లు ఆరు. ఆడవాళ్ళు పద్నాలుగు మంది. కొత్త కోడలు మూడు దినాలుగా అన్నం తినలేదు, మూలన కూర్చున్నది, పలకరిస్తే ఏడుస్తున్నది. తిట్టవద్దని అత్తగారికి చెప్పినాను. మంగళవారం మళ్ళీ పోవాలె.' ఇట్లాంటివే అన్ని పేజీలూ. వాక్యం గురించి రాసింది తక్కువ, ఎవరికి నిద్ర పట్టడం లేదు, ఎవరు మాట్లాడటం మానేశారు అని రాసింది ఎక్కువ. డాక్టరు లేని ఆ పల్లెల్లో ఆమె ఏం పని చేస్తోందో ఆ నోటుబుక్కులోనే ఉంది. నేను దాన్ని చదివి, 'అనవసరంగా పరుల విషయాల్లో జోక్యం చేసుకొనును' అని రాశాను.

ఇది రికార్డుగా ఉండిపోతే ఇంత కథ లేదు. ఆ ఏప్రిల్‌లో వరికుంటపాడు దగ్గర అత్తకు వడదెబ్బ తగిలింది. ఊరివాళ్ళు మజ్జిగ తాగించి, ట్రాక్టరులో పడుకోబెట్టి, ఇల్లు తెలియక నేరుగా నాయన పనిచేసే హైస్కూలుకు తీసుకొచ్చారు. నాయన లెక్కల మాస్టారు, సంఘంలో పెద్ద, నలుగురిలో మాట పడని మనిషి. పిల్లలూ మాస్టర్లూ చుట్టూ మూగుతుంటే ట్రాక్టరులో తడిగుడ్డ కప్పుకుని ఉన్న అక్కను చూశాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, "నీ పుస్తకంలో దీన్ని ఏమంటారు?" అని అడిగాడు.

నాయన నన్ను చదువు గురించి అడగడం అదే మొదలు. నేను ఉబ్బిపోయాను. రికార్డు తెచ్చి చేతికిచ్చాను. నాలుగు గళ్ళ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. "చదువుకున్న పిల్ల రాసినాక ఇంకేముండాది" అన్నాడు. వారంలో అన్న వచ్చి అత్తను ఆత్మకూరు తీసుకుపోయాడు. అన్నకు అక్కడ ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. మేడ మీద వాటా, కింద ఇనుప గేటు. గాలి మార్పు అని చెప్పారు ఆమెకు.

అన్నా వదినా చెడ్డవాళ్ళు కాదు, ఆ మాట చెప్పి తీరాలి. వేళకు అన్నం పెట్టారు, ఫ్యాను కింద మంచం వేశారు. మొదటి నెలలో అత్త రెండుసార్లు సంచి తగిలించుకుని గేటు దాకా పోయింది. అన్న ఆమె చెప్పులు తీసి బీరువా మీద పెట్టాడు, గొడవ పడకుండా, నవ్వుతూనే. నేను నెలకోసారి పోయి చూసి వచ్చి రాశాను. మొదటి నెల, బయటికి పోవడానికి రెండు ప్రయత్నాలు. రెండో నెల, ఒకటి. మూడో నెల, ప్రయత్నం లేదు. నాలుగో నెలకు కింది వాటావాళ్ళు, ఎంత మంచి మనిషో, ఉలుకూ పలుకూ లేదు అని మెచ్చుకుంటున్నారు. నాయన నెమ్మదించాడు. నేను చివరి పేజీలో 'పూర్తి సర్దుబాటు సాధించినది, మానసిక ఆరోగ్యం మెరుగుపడినది' అని రాసి, అడ్డగీత గీసి ముగించాను.

రికార్డు పట్టుకుని నెల్లూరులో సార్ ముందు కూర్చున్నాను. అందరి రికార్డులూ అట్ట చూసి సంతకం పెడుతున్న ఆయన, నాది తెరిచి చదవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు పొంగింది. కాసేపటికి తలెత్తాడు.

"ఈమె ఇప్పుడు పగలంతా ఏం చేస్తుందమ్మా?"

"ఏమీ చేయదు సార్," అన్నాను గర్వంగా.

"ఎవరితో మాట్లాడుతుంది?"

"ఎవరితోనూ మాట్లాడదు సార్. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు."

ఆయన మొదటి పేజీలు ఒకసారి, చివరి పేజీలు ఒకసారి తిప్పాడు. "నువ్వు రాసిందే చదువుతున్నాను. మొదట్లో ఈమె నాలుగింటికి లేచి వంట చేస్తుంది, ఆరు ఇళ్ళు తిరుగుతుంది, పద్నాలుగు మందితో మాట్లాడుతుంది. ఆఖర్న మంచం దిగదు, అన్నం సగం వదిలేస్తుంది. దీన్ని వెనక నుంచి ముందుకు చదివితే బాగుపడిన మనిషి కనిపిస్తుంది. ముందు నుంచి చదివితే ఒక ఆరోగ్యవంతురాలికి జబ్బు చేసింది. నువ్వు ఎటు నుంచి రాశావమ్మా?"

ఆయన కోప్పడలేదు, చేతిరాతకు మంచి మార్కులే వేసి సంతకం పెట్టాడు. మార్కులు వేసిన రికార్డును సంచిలో కుక్కుకున్నాను. బయటికి వచ్చి ఉదయగిరి బస్సెక్కి, ఇంటిదాకా పోలేక ఆత్మకూరులో దిగేశాను.

మధ్యాహ్నం మూడుగంటల వేళ. అన్న ఆఫీసులో ఉన్నాడు, వదిన కింద కుళాయి దగ్గర ఉంది. అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ప్రతి నెలా చూసిన మనిషే, ఆ రోజే మొదటిసారి చూసినట్టుంది. మణికట్టు ఎముక పైకి తేలింది. జడలో చిక్కులు గట్టిపడ్డాయి. మంచం పక్కన కూర్చుని, "ఇంటికి పోదాం రా అత్తా," అన్నాను.

"ఎందుకులేమే. ఇక్కడ అందరూ బాగానే చూసుకుంటా ఉండారు."

"నువ్వు బాగుండావా?"

గోడ వైపే చూస్తూ అడిగింది. "నాకు నిజంగానే పిచ్చా? మీ అన్న చెప్పినాడు, నువ్వు రాసినావంట గదా. ఆ మాట విన్నాక నేను గేటు కాడికి పోవడం మానుకున్నా. వేరేవాళ్ళు అంటే ఒప్పుకోను. నువ్వు రాసినావంటే నిజమే అయ్యుంటాది అనుకున్నా."

నాకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆ మాట అంది. నేను ఏడ్చాను. చిన్నగా కాదు, వదిన పరుగెత్తి మెట్లెక్కి వచ్చేంత ఏడుపు ఏడ్చాను. అబద్ధం రాశాను అత్తా, గళ్ళు నింపడానికి రాశాను అని చెప్పాను. ఆమె లేచి కూర్చుంది. "సరే, ఏం రాసినావో చదువు," అంది.

రికార్డు సంచిలోనే ఉంది. చదవక తప్పలేదు. పాల సంగతి దగ్గర, "అది నిజమే, పొంగిపోయినాయి," అని ఒప్పుకుంది. బాధ అనే గడి చదివినప్పుడు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. ఈడ బాధపడేది ఎవురు? మీ నాయన. నిద్ర పట్టంది ఎవురికి? మీ నాయనకి. మరి జబ్బు మనిషి అని నన్ను రాసినావేంది?"

నేను పేజీ తిప్పాను. తర్వాతి శీర్షిక కుటుంబ చరిత్ర. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మనసుకు సంబంధించిన జబ్బు ఉందా అన్న ప్రశ్నకు 'ఎవరికీ లేదు' అని ఉంది. "ఇది ఎవురు చెప్పినారు?" అని అడిగింది అత్త. నాయన చెప్పాడన్నాను. ఆమె ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత చెప్పింది, పొలం సంగతి చెప్పినంత మామూలుగా.

"మా అమ్మకి ఆఖర్లో మతి నిలకడ లేదు. నాకు పదిహేనేండ్లు, మీ నాయనకి ఏడు. ఒకనాడు పొద్దున చెంబు పట్టుకోని బయటికి పోయింది. మళ్ళా రాలా. నేను మూడు నెలలు ఊరూరూ తిరిగి అడిగినా. సీతారామపురం పక్క పల్లెలన్నీ నాకు అప్పుడే తెలిసినాయి. మీ నాయన ఆ మూడు నెలలూ వాకిట్లోనే కూచోనుండినాడు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు."

అవ్వ జ్వరంతో పోయిందని మాకు చెప్పారు. ఆ మాటే నేను రికార్డులో కూడా రాశాను. అత్త అంతా చెప్పి, అప్పుడే ఏదో తట్టినట్టు నా వైపు తిరిగింది. "అందుకా వాడు నన్ను ఈడ పెట్టింది," అంది. మంచం దిగి, గోడ పట్టుకుని నిలబడింది. "ఆ చెప్పులు తీయి. వాడితో మాట్లాడాల."

నేను బతిమాలితే రాని మనిషి, తమ్ముడు కష్టంలో ఉన్నాడని తెలిసి బయల్దేరింది. వదిన అడ్డం చెప్పలేదు, జడ దువ్వి పంపింది.

ఉదయగిరిలో బస్సు దిగేసరికి ఎండ కొండ మీదికి పోయింది. బస్టాండు నుంచి ఇంటికి నడిచేలోపు మూడుచోట్ల ఆగి కూర్చుంది. నాయన వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "ఎవుర్ని అడిగి తీసుకొచ్చినావు?" అని నా మీద అరిచాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉందని ఆ రోజే విన్నాను.

"దాని మీద ఎందుకు అరుస్తావు, కూచో," అంది అత్త. పల్లెల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చున్నట్టే ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. "అమ్మ సంగతి దీనికి చెప్పినా," అంది.

నాయన చేతిలోని పెన్ను కింద పెట్టాడు. పేపర్లు సర్దాడు, మళ్ళీ సర్దాడు. ఆఖరికి తల వంచుకుని చెప్పాడు. "నువ్వు సంచి తగిలించుకోని గడప దాటితే నాకు ఏడేండ్ల వయసు వస్తాది అక్కా. బోర్డు మీద లెక్క చేస్తా ఉంటా, మనసు వాకిట్లోనే ఉంటాది. ఉద్యోగం ఉన్నప్పుడు పనికి పోయింది, వస్తాదిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏమని అనుకోవాల? అమ్మ కూడా పని లేకుండానే పోయింది."

యాభై ఏళ్ళ మనిషి, పిల్లలు పేరు చెప్తే వణికే మాస్టారు, అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. అత్త వీపు నిమిరింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. కాస్త గట్టిగానే అడిగింది.

"అమ్మ ఒక్కసారి పోయింది, రాలా. నేను ముప్పై ఏండ్లు పోయినా, ముప్పై ఏండ్లూ తిరిగొచ్చినా. పోయేది చూస్తా కూచున్నావు గానీ, వచ్చేది ఒక్కనాడన్నా చూసినావంట్రా?"

అత్తకు కాళ్ళలో బలం రావడానికి నెలన్నర పట్టింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు పల్లెలు తిరిగింది. నోటుబుక్కు మాత్రం ఆఫీసుకు ఇవ్వడం మానేసింది. నా రికార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆమె ఇల్లు వదిలిన టైము అందులో రోజూ గడియారం చూసి రాశాను, ఆరూ పది, ఆరుంబావు, ఆరూ ఐదు. తిరిగి వచ్చిన టైము ఒక్క పేజీలో కూడా లేదు. ప్రతి సాయంత్రం ఆమెకు తలుపు తీసింది నేనే.